బోర్డు చూసి తప్పు చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

ప్రశ్న: నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి, మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మోటార్ వైండింగ్ షాపులో పనిచేస్తున్నాను. వయసు 26. కొంతకాలంగా రాత్రిళ్ళు వీడియోలు చూస్తూ, దొరికిన పీడీఎఫ్‌లు చదువుతూ మైక్రోకంట్రోలర్లు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న చిప్‌లు) సొంతంగా నేర్చుకుంటున్నాను. త్రీఫేజ్ బోరు మోటారును ఫోనుతో ఆన్, ఆఫ్ చేసే పెట్టె ఒకటి ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డుతో తయారుచేశాను. స్టార్టర్ కాయిల్ 415 వోల్టులది. గ్రీన్ బటన్‌కు ప్యారలల్‌గా ఒక రిలే (బోర్డు నడిపే చిన్న స్విచ్చు), రెడ్ బటన్‌తో సిరీస్‌లో ఇంకో రిలే పెట్టాను. ఆన్ బాగానే అవుతుంది కానీ, ఆఫ్ చేసినప్పుడు చాలాసార్లు బోర్డు రీసెట్ అవుతోంది. ప్రోగ్రాం మార్చాను, ఛార్జర్ మార్చాను, ఫలితం లేదు. సరైన గురువు లేకపోవడమే నా లోపమనిపిస్తోంది. లింక్డ్‌ఇన్‌లో పెద్ద కంపెనీల ఇంజనీర్లకు ‘సార్, నాకు మెంటార్‌గా ఉండండి’ అని రాస్తే ఒక్కరూ పలకలేదు. ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థవాళ్ళు 45,000 రూపాయలు కడితే మెంటార్‌ను కేటాయిస్తామంటున్నారు. కట్టమంటారా? లేక నాలాంటివాడికి గురువు దొరికే దారి వేరే ఉందా?

సమాధానం: గురువు లేని లోటు గురించి మీరు రాసినదానికన్నా, ఉత్తరం వెనకవైపు పెన్సిలుతో గీసి పంపిన సర్క్యూట్ బొమ్మ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. అందుకే జవాబు కూడా అక్కడినుంచే మొదలుపెడతాను. మీరు అడిగిన పెద్ద ప్రశ్నకు దారి ఆ బొమ్మలోనే ఉంది.

ఆన్ చేసినప్పుడు ఇబ్బంది లేదని, ఆఫ్ చేసినప్పుడే రీసెట్ అవుతోందని మీరు గమనించి రాయడం చాలా మంచి పని. స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపి తెంచే పెద్ద స్విచ్చును కాంటాక్టర్ అంటారు. దాని కాయిల్‌లో కరెంటు పారుతున్నంతసేపు అందులో కొంత శక్తి నిలవ ఉంటుంది. రెడ్ బటన్ వరుసలో ఉన్న మీ రిలే తెరుచుకున్న క్షణాన ఆ శక్తికి పోయే దారి లేక వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్నుతుంది, రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, దాని అలజడి వైర్ల మీదుగానూ గాలిలోనూ బోర్డు దాకా వస్తుంది. ఇది నిజమో కాదో తేల్చడానికి ప్రోగ్రాం ముట్టుకోనక్కరలేదు. మెయిన్ ఆపేసి, ఫ్యూజులు తీసి, ఆ రిలే కాంటాక్టులకు వచ్చే రెండు వైర్లనూ ఊడదీసి, వాటి కొనలకు టేపు చుట్టి పక్కన పెట్టండి. ఇప్పుడు బోర్డుకు మాత్రం కరెంటు ఇచ్చి, ఫోనునుంచి ఆఫ్ కమాండ్ పదేపదే పంపండి. రిలే టిక్కుటిక్కుమంటూనే బోర్డు స్థిరంగా ఉంటే, మీ ప్రోగ్రాంలోనూ ఛార్జర్‌లోనూ తప్పు లేదు, గొడవంతా కాయిల్ వైపునుంచి వస్తోంది. వైర్లు తీసేసినా రీసెట్ అవుతుంటే మాత్రం విద్యుత్ సరఫరాను అనుమానించాలి. ఈఎస్‌పీ32 తయారీదారు ఎస్ప్రెసిఫ్ తన పత్రాల్లో కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగల సరఫరా ఉండాలని చెబుతుంది, అదే ఛార్జర్ మీద రెండు రిలేలు కూడా బతుకుతున్నాయి కదా. రీసెట్ అయిన ప్రతిసారీ అందుకు కారణమేమిటో బోర్డు తానే సీరియల్ మానిటర్‌లో, అంటే కంప్యూటర్‌లో బోర్డు సందేశాలు కనిపించే కిటికీలో, ఒక వరుస రాస్తుంది. ఆ వరుసను మీరు ఉత్తరంలో ఇవ్వలేదు. ఇకమీదట ఎవరికి రాసినా దాన్ని ముందు రాయండి.

ఇంతవరకూ చెప్పింది మీరు అడిగినదానికి జవాబు. కాని ఆ బొమ్మలో మీరు అడగని సంగతి ఒకటి ఉంది, అది రీసెట్‌కన్నా తీవ్రమైనది. మీరు వాడిన నీలంరంగు రిలే పైకప్పు మీద ‘10ఏ 250వీఏసీ’ అని అచ్చు ఉంటుంది. దానితో మీరు 415 వోల్టుల కాయిల్‌ను తెంచుతున్నారు. ఇప్పటికి పనిచేస్తోంది కాబట్టి సరిపోయిందనుకోవడానికి వీల్లేదు. 250 వోల్టులకు లెక్కకట్టిన ఎడంలో 415 వోల్టుల నిప్పురవ్వ ఆరడం ఆలస్యమవుతుంది, కాంటాక్టులు కాలి ఏదో ఒకరోజు అతుక్కుపోతాయి, అప్పుడు ఫోనులో ఆఫ్ నొక్కినా మోటారు ఆగదు. నీళ్ళు లేని బోరులో మోటారు ఆగకుండా తిరిగితే ఏమవుతుందో వైండింగ్ షాపులో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ మాడ్యూల్ మీద 415 వోల్టుల భాగానికీ మీ బోర్డు వైపుకూ మధ్య ఉన్న దూరం కూడా ఆ వోల్టేజి కోసం ఉద్దేశించినది కాదు. మధ్యలో 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న సహాయక కాంటాక్టర్ ఒకటి పెట్టి, నీలం రిలేతో దాన్ని మాత్రమే నడిపి, స్టార్టర్ వరుసను దాని కాంటాక్టులతో తెంచాలి. ఆ కాంటాక్టులు 415 వోల్టులకు తగినవో కాదో చూసి కొనండి. నిప్పురవ్వను అణచడానికి వీడియోల్లో చూపించే ఆర్‌సీ స్నబ్బర్‌లో సాధారణంగా 275 వోల్టుల ఎక్స్2 కెపాసిటర్ ఉంటుంది. దాన్ని ఈ 230 వోల్టుల కాయిల్ మీద పెట్టవచ్చు కానీ 415 వోల్టుల కాయిల్ మీద పెట్టకూడదు. ఆ కాయిల్‌కు దాని వోల్టేజికి తగిన సప్రెసర్‌ను కాంటాక్టర్ కంపెనీలే అమ్ముతాయి. ఈ మార్పు చేసేదాకా ఆ పెట్టెను ఎవరి పొలంలోనూ బిగించకండి.

ఇదంతా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. సొంతంగా నేర్చుకునేవాడికి తనకు తెలియదని తెలిసిన విషయాలు ఎలాగోలా దొరుకుతాయి. ‘ఈఎస్‌పీ32 రీసెట్’ అని వెతికితే సవాలక్ష జవాబులు వస్తాయి. కానీ 250 దగ్గర 415 పెట్టావేమని మీ అంతట మీరు వెతకరు, ఎందుకంటే అది ప్రశ్న అన్న సంగతే మీకు తట్టలేదు. పాఠం చెప్పే మనిషి కొరత మీకు లేదు, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీల అధ్యాపకుల పాఠాలు మొదటినుంచి చివరిదాకా ఉచితంగానే ఉన్నాయి. కొరత ఉన్నది మీరు చేసిన పనిని తేరిపార చూసి, మీకు కనిపించని తప్పును చూపించే మనిషికి. అలాంటి మనిషి గొప్ప హోదాలో ఉండనక్కరలేదు, మీ బొమ్మ ముందు పది నిమిషాలు కూర్చోగలిగితే చాలు. ఒకే మనిషి అన్నీ చూడనక్కరా లేదు. రిలే రేటింగు చూసేది ఒకరు, ప్రోగ్రాం చూసేది ఇంకొకరు, పెట్టె లోపల వైరింగు చూసేది మరొకరు కావచ్చు.

ఇక లింక్డ్‌ఇన్ సంగతి. మీరు రాసిన వాక్యాన్ని అవతలివైపునుంచి చదివి చూడండి. ‘మెంటార్‌గా ఉండండి’ అన్న మాటకు ఎంత సమయం, ఎన్నాళ్ళు, దేనికోసం అన్నది ఏదీ తెలియదు. సరేనంటే ఏ బాధ్యత మెడకు చుట్టుకుంటుందో తెలియని మనిషి కాదనడానికి మొహమాటపడి మౌనంగా ఊరుకుంటాడు. దాన్ని మీరు తిరస్కారంగా తీసుకున్నారు. మీ బొమ్మతో పాటు ఇలాంటి ఉత్తరం వెళ్ళి ఉంటే కథ వేరుగా ఉండేది:

‘నమస్కారం సార్. నేను మోటార్ వైండింగ్ షాపులో పనిచేస్తాను. ఈఎస్‌పీ32తో త్రీఫేజ్ స్టార్టర్‌ను నడిపే పెట్టె చేశాను. సర్క్యూట్ బొమ్మ, పెట్టె లోపలి ఫొటో జతచేశాను. ఆఫ్ చేసినప్పుడు పదిసార్లలో ఆరేడుసార్లు బోర్డు రీసెట్ అవుతోంది, ఆన్ చేసినప్పుడు ఒక్కసారీ కాలేదు. రిలేనుంచి కాయిల్ వైర్లు తీసేస్తే రీసెట్ అవడం లేదు. సీరియల్ మానిటర్‌లో వచ్చిన వరుస ఇది. కాయిల్ మీద స్నబ్బర్ పెడితే సరిపోతుందా, లేక ఈ వైరింగ్ పద్ధతే మార్చాలా అన్నది నా ప్రశ్న. వీలున్నప్పుడు ఒక్క మాట చెబితే చాలు సార్.’

ఈ ఉత్తరం చదివిన ఇంజనీరుకు జవాబు చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పైగా మీరు ఎంతవరకు వెళ్ళి ఆగారో తెలుస్తుంది కాబట్టి, మొదటినుంచి చెప్పాల్సి వస్తుందేమోనన్న భయం ఉండదు. బొమ్మ కనబడగానే మీరు అడగని సంగతిని కూడా ఆయనే పట్టుకుంటాడు, చేయి తిరిగినవాడి కన్ను తప్పు దగ్గరే ఆగుతుంది. ‘మెంటార్’ అన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదన్నది గమనించండి. అలాంటి ప్రశ్నలు మూడో నాలుగో నడిచిన తర్వాత ఆ పేరు పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం మీ ఇద్దరి ఇష్టం. ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. తెలుగు తెలిసిన ఇంజనీరుకు తెలుగులోనే రాయండి, తెలియనివారికి రాయాల్సి వస్తే చిన్నచిన్న వాక్యాలు చాలు, సర్క్యూట్ బొమ్మకు ఎలాగూ భాష అడ్డం రాదు.

ఎవరికి రాయాలన్నదాంట్లో కూడా మీరు చాలా దూరం చూసి దగ్గరివాళ్ళను వదిలేశారని నా అనుమానం. మీ షాపు యజమానికి మైక్రోకంట్రోలర్ తెలియకపోవచ్చు కానీ, ఏ స్టార్టర్‌లో కాంటాక్టులు ఎందుకు అతుక్కుపోతాయో, సింగిల్ ఫేజింగ్‌లో, అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు, మోటారు ఎలా కాలుతుందో, రైతు అవసరపడినప్పుడు దేన్ని బైపాస్ చేస్తాడో ఆయనకు తెలిసినంతగా ఏ చిప్ కంపెనీ ఇంజనీరుకూ తెలియదు. మీరు చేస్తున్న వస్తువుకు ఆ జ్ఞానం సగం ప్రాణం. దగ్గరలోని పాలిటెక్నిక్‌కు వెళ్ళినప్పుడు శాఖాధిపతి గది ముందు ఎదురుచూడడంతో పాటు ల్యాబ్‌లో ఉండే సహాయకుడిని కలవండి. పిల్లలు కాల్చిన బోర్డులు ఏళ్ళ తరబడి బాగుచేస్తూ వచ్చిన ఆ మనిషికి తప్పులు చూడడంలో ఉన్న అనుభవం అసామాన్యం, అడిగేవాళ్ళు లేక ఆయన ఎవరికీ చెప్పడు. విద్యుత్ శాఖలో ఏఈలుగా, డీఈలుగా చేసి రిటైరైనవాళ్ళు ప్రతి పట్టణంలోనూ ఉంటారు, రక్షణ విషయాల్లో వాళ్ళ మాటకు తిరుగులేదు.

హైదరాబాద్ మీకు దూరం కాదు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. 415 వోల్టులకూ ఎలక్ట్రానిక్ బోర్డుకూ మధ్య గోడ ఎలా కట్టాలో రోజూ చేసి చూపించేది వాళ్ళే. ఒక పూట వెళ్ళి, తలుపు తెరిచి ఉన్న ప్యానెల్‌లో పవర్ వైర్లు ఒకవైపు, కంట్రోల్ వైర్లు ఒకవైపు ఎలా నడిపారో చూస్తే, మీ పెట్టెలో రెండింటినీ ఒకే కట్టగా కట్టి జిప్ టై వేయడం మీకే నచ్చకుండా పోతుంది. కోఠీలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు అమ్మేవాళ్ళలో కొందరు కొనుగోలుదారుడి అవసరం విని ‘అది వద్దు, ఇది తీసుకో’ అంటారు. కారణం అడగండి, తెలిసినవాళ్ళు చెబుతారు. రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ నమూనా వస్తువులు తయారుచేసుకునేవారి కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కేంద్రం. మీ పెట్టె చేతిలో పట్టుకుని వెళ్ళడానికి తగిన చోటు. వట్టి చేతులతో వెళ్ళినవాడికీ, పనిచేసే పెట్టె పట్టుకుని వెళ్ళినవాడికీ ఇలాంటి చోట్ల దొరికే పలకరింపే వేరు.

పెద్దవాళ్ళకు రాయడం తప్పని నేననను. శ్రీనివాస రామానుజన్ 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని గణిత శాస్త్రజ్ఞుడు హార్డీకి రాసిన ఉత్తరం అందరికీ తెలుసు. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ అంతగా చెప్పుకోరు. అప్పట్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు రామానుజన్ నోటు పుస్తకాలు చూసి కొంతకాలం నెలనెలా డబ్బు ఇచ్చి నిలబెట్టారు. 1911లో మొదటి పెద్ద వ్యాసం అచ్చయినప్పుడు, చెప్పిన తీరులో స్పష్టత లేదని ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రిక సంపాదకుడు దాన్ని అచ్చుకు ముందు ఒకటికి రెండుసార్లు వెనక్కి పంపారు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా చేరాక, అక్కడి అకౌంట్స్ అధికారి నారాయణ అయ్యర్ సాయంత్రాలు ఆయనతో కలిసి పలకల మీద లెక్కలు చేసేవారు. రామానుజన్ మధ్య మెట్లు దాటేసి ఫలితం మాత్రం రాస్తుంటే, చదివేవాళ్ళకు అర్థమయ్యేలా మెట్లన్నీ రాయమని పట్టుబట్టేవారు. నారాయణ అయ్యర్‌కు గణితం తెలుసు, కానీ ప్రతిభలో ఆయన రామానుజన్ కన్నా పెద్దవాడేమీ కాదు. పక్కన కూర్చుని ‘ఇది నాకు అర్థం కాలేదు, మళ్ళీ రాయి’ అనగలిగిన మనిషి, అంతే. ఆ పాత్రకు మీకు మీ పక్క ఊరి డిప్లొమా కుర్రాడైనా సరిపోతాడు. వారానికొకసారి మీ బొమ్మ అతనికి వివరించండి. ఎక్కడ మీ గొంతు తడబడితే అక్కడ మీకు విషయం తెలియదన్నమాట.

ఒకసారి జవాబు వచ్చిన తర్వాత ఆ సంబంధం నిలవడం, నిలవకపోవడం చాలావరకు మీ చేతిలోనే ఉంది. ఎవరైనా ఒక సలహా చెబితే దాన్ని చేసి చూసి, ఏమైందో తప్పకుండా తిరిగి రాయండి. పనిచేయకపోయినా సరే, ఆ మాట రాయండి. సలహా ఇచ్చిన తర్వాత ఏ కబురూ రాకపోవడం చేతనైనవాళ్ళను విసిగించే మొదటి విషయం, పని కాగానే మాయమయ్యేవాళ్ళను వాళ్ళు రెండోసారి గుర్తుపెట్టుకోరు. డేటాషీట్‌లో, అంటే విడిభాగం గురించి తయారీదారు ఇచ్చే పత్రంలో, ఉన్నదాన్ని అడగకండి. అందులో చదివి అర్థం కానిది ఉంటే, ఫలానా పేజీలో ఫలానా పట్టిక అని చెప్పి అడగండి. ఆ తేడా అవతలివాళ్ళకు వెంటనే తెలుస్తుంది. చెప్పింది సరికాదని మీ కొలతల్లో తేలితే, గౌరవంగా ఆ కొలతలు ముందుపెట్టి చెప్పండి. బల్ల ముందు కూర్చున్న ఇంజనీరుకు బోరు దగ్గర వోల్టేజి సాయంత్రానికి ఎంతకు పడుతుందో మీరు చెబితేనే తెలుస్తుంది. మీరు ఇవ్వగలిగినది కూడా తక్కువేమీ కాదు: నిజమైన పొలంలో, నిజమైన మోటారు మీద ఒక వస్తువును నెలల తరబడి పరీక్షించి, రాసిపెట్టి చూపించగల మనిషి కోసం వ్యవసాయ పరికరాలు చేసే చిన్న కంపెనీలు వెతుకుతుంటాయి.

వీటన్నిటికీ ఒక నోటు పుస్తకం కావాలి. తేదీ వేసి, ఆ రోజు ఏ వైరు మార్చారో, ఏమి కొలిచారో, ఏమి జరిగిందో రాసుకోండి. ఛార్జర్ మార్చానని ఉత్తరంలో రాశారు కానీ, పాతది ఎన్ని ఆంపియర్లదో, కొత్తది ఎన్ని ఆంపియర్లదో మీకిప్పుడు గుర్తుందా? గుర్తు లేకపోతే ఆ ప్రయోగం చేసినా చేయనట్టే. సాయం అడగడానికి ఉత్తరం రాసుకునేటప్పుడు సగం సందర్భాల్లో జవాబు ఆ పుస్తకంలోనే దొరికి, ఉత్తరం పంపే అవసరమే రాకపోవచ్చు.

చివరగా ఆ 45,000 రూపాయల మాట. డబ్బిచ్చి నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, అనుభవజ్ఞుడి గంటకు ఖరీదు కట్టడం న్యాయమే. అయితే మీకు కావలసింది మరో పాఠాల కట్ట కాదు కనుక, ఆ సంస్థకు ఫోను చేసి, మార్కెటింగ్ చేసే అమ్మాయితోనో అబ్బాయితోనో కాక మెంటార్ అని చెబుతున్న మనిషితోనే మాట్లాడించమనండి. నేను సొంతంగా చేసిన 415 వోల్టుల స్టార్టర్ పెట్టె బొమ్మ పంపుతాను, నెలకు ఎన్నిసార్లు మీరే చూసి తప్పులు రాసిస్తారని అడగండి. పెట్టె చూడడం మా సిలబస్‌లో లేదని, అందరితో పాటు వేరే ప్రాజెక్టు చేయాలని, చివర్లో సర్టిఫికెట్ ఇస్తామని జవాబు వస్తే కట్టవద్దు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వినబడితే ఆ సంభాషణను అక్కడితో ఆపేయవచ్చు. బొమ్మ పంపండి, చూసి చెబుతామని అంటే, ముందు ఒక్క నెలకు మాత్రం కడతానని చెప్పి, ఈ ఉత్తరంలోని పాత బొమ్మనే ఏమీ మార్చకుండా పంపించండి. రిలే మీద 250 అని అచ్చు ఉందన్న సంగతిని వాళ్ళంతట వాళ్ళు పట్టుకుంటారో లేదో చూసి మిగతా డబ్బు సంగతి తేల్చుకోండి.